అరువు ముక్కు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన గట్టయ్య అంటుంటాడు. ఉంటే ఉండనీ. నా ముక్కు కోపానికే కాదు, వాసనకు కూడా బాగా పనిచేస్తుంది. పై పోర్షన్ వాళ్ళ కష్టంలో నేను ఇరుక్కున్నది అందుకే. గట్టయ్య ముక్కు ఎందుకూ పనికిరాదు. పడుచు వయసు నుంచీ నశ్యం పీల్చి పీల్చి, ఆయనకు లోకంలో నశ్యం తప్ప వేరే వాసన లేకుండా పోయింది. కాబట్టి పైనుంచి పిలుపు వస్తే చెప్పుల్లో కాళ్ళు పెట్టాల్సింది నేనే.

తార్నాకలో మాది చిన్న ఇల్లు. కింద మేము, పైన అద్దెకు దానియేలు, అమల. దానియేలు యూనివర్సిటీలో ఫిలాసఫీ చెప్తాడు. పర్మనెంట్ కాదు, ఏ ఏటికా ఏడు పొడిగించే ఉద్యోగం. నేను అదే క్యాంపస్‌లో లైబ్రరీలో పనిచేస్తాను. అమల లాలాపేట్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు. కరోనా కాలంలో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే గదిలో, ఒకే జ్వరంతో పడి లేచారు. జ్వరం పోతూ పోతూ దానియేలు ముక్కును పట్టుకుపోయింది. మల్లెపూల మధ్య కూర్చోబెట్టినా, మోరీ పక్కన నిలబెట్టినా అతనికి ఒకటే. అమలకు పోయిన వాసన కొన్నాళ్ళకు తిరిగొచ్చింది గానీ, ఒక్కటే వచ్చింది. గ్యాస్ వాసన. కాఫీ లేదు, కొత్తిమీర లేదు, వాన పడ్డ మట్టి లేదు. ఉన్నట్టుండి గ్యాస్. బస్సులో కూర్చుంటే గ్యాస్, తల దువ్వుకుంటే గ్యాస్, చర్చిలో పాట మధ్యలో గ్యాస్.

చర్చిలో వస్తే నవ్వి ఊరుకోవచ్చు. వంటింట్లో వస్తే ఎట్లా ఊరుకుంటాం?

"అక్కా, జర పైకి వస్తరా?" అని మెట్ల మీద నుంచి పిలిచేది. పోయేదాన్ని. పొయ్యి వెనక, సిలిండర్ మెడ దగ్గర, సింకు కింద ముక్కు పెట్టి పీల్చేదాన్ని. "ఏం లేదు అమలా, మంచిగున్నది" అంటే ఆమె ముఖం తేటపడేది. మళ్ళీ సాయంత్రానికి పిలుపు. కొన్నాళ్ళకు నాకే అనుమానం పట్టుకుంది. మా వంటింట్లో కూడా ఊరికే పీల్చి చూసుకునేదాన్ని. ఒకసారి పీలిస్తే నమ్మకం కుదిరేది కాదు. ఇంకోసారి, మరోసారి. "ఏందే, కుక్కలెక్క వాసన చూస్తున్నవ్?" అని గట్టయ్య నవ్వేవాడు. నేను తిట్టేదాన్ని.

అందరూ చేసేవన్నీ వాళ్ళూ చేశారు. ముక్కు డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన లోపలికి లైటు పెట్టి చూసి, ముక్కులో ఏ లోపమూ లేదు, వాసన ఉన్నట్టు మెదడు చెప్తోంది, అంతే అన్నాడట. "మెదడు చెప్పకుండ ముక్కు ఎప్పుడు చెప్పింది సార్?" అని అమల అడిగింది. ఆయన నవ్వి విటమిన్ గోళీలు రాసిచ్చాడు. అమల తల్లి కాశమ్మ పాస్టరుగారితో ప్రార్థన చేయించి నూనె తెచ్చి బిడ్డ ముక్కుకు రాసింది. దానియేలు గ్యాస్ లీకైతే అరిచే చిన్న యంత్రం కొన్నాడు. గోడకు ఆకుపచ్చ దీపంతో అది మెరుస్తుంటే అమల చూసి, "ఇది పని చేస్తున్నదని ఎవరు చెప్పాలె?" అంది. దానియేలు సిగరెట్ లైటర్ దాని ముందు పెట్టి, వెలిగించకుండా గ్యాస్ మాత్రం వదిలాడు. యంత్రం వీధంతా వినేలా అరిచింది. మర్నాడు అమల మళ్ళీ అడిగింది, నిన్న పని చేసింది, ఈ రోజు సంగతేమిటని. మళ్ళీ లైటర్. ఆ పరీక్షలతో యంత్రానికి మతి పోయిందేమో, చివరకు నేను ఊదుబత్తి వెలిగించి పైకి పోయినా అరవడం మొదలుపెట్టింది. దాన్ని పీకి అటక మీద పడేశారు. సిలిండర్ బాల్కనీలోకి తోసి కరెంటు పొయ్యి మీద కూడా వండి చూశారు. అప్పుడు వాసన కింద మా వంటింట్లోంచి వస్తోందంది అమల. సిలిండర్ తిరిగి లోపలికి వచ్చింది.

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు అంటారు. ఆ ఇంట్లో నిప్పూ లేదు, పొగా లేదు. ఆమె మాత్రం మాడిపోతోంది. నాకు విసుగు వచ్చేది, జాలీ వేసేది. ఎక్కువ సార్లు రెండూ ఒకేసారి.

అంతా ఇంతవరకే అయితే నేను ఇది చెప్పేదాన్ని కాదు. వాళ్ళకు ఒక పాప ఉంది, నిరోష. ఏడాది కిందట అమలకు వాసన వచ్చి, స్నానం చేస్తున్న పిల్లను తువ్వాల్లో చుట్టుకొని మెట్ల మీద పరుగెత్తింది. తడి కాలు జారి ఇద్దరూ పడ్డారు. పిల్ల చెయ్యి విరిగింది. కాశమ్మ మల్కాజ్‌గిరి నుంచి వచ్చి, కట్టుతో ఉన్న మనవరాలిని ఆటోలో ఎక్కించుకొని తీసుకుపోయింది. పోతూ పోతూ నాతో అంది:

"చూడు చెల్లే. తల్లికి లేని వాసన వస్తది, తండ్రికి ఉన్న వాసన రాదు. గా ఇంట్ల పిల్లను ఎట్ల ఉంచాలె?"

అందులో తప్పు పట్టడానికి ఒక్క మాట లేదు.

అప్పటినుంచి పిల్ల ఆదివారాలు మాత్రం వచ్చేది. చర్చి అయ్యాక కాశమ్మ తీసుకొచ్చి, పొద్దు వాలక ముందే తీసుకుపోయేది. పోయేటప్పుడు నిరోష గేటు ఊచలు పట్టుకొని వదిలేది కాదు. ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చేది. అమల ఆ పని చేయలేక లోపలికి పోయేది. దానియేలే విప్పేవాడు. జూన్‌లో పిల్లను ఒకటో తరగతిలో వేయాలి. మల్కాజ్‌గిరిలో వేస్తే ఇక అక్కడే పెరుగుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఒకరోజు నేను లైబ్రరీలో ఉండగా అమల ఫోన్ చేసింది. వాసన వస్తోందట, రోడ్డు మీద నిలబడి ఉందట, దానియేలు ఫోన్ ఎత్తడం లేదట. చెప్దామని అతని క్లాసు దగ్గరికి పోయాను. తలుపు తెరిచే ఉంది. పాఠం సాగుతోంది. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"శంఖం తెల్లగ ఉంటది. కామెర్లు వచ్చినోనికి పచ్చగ కనబడతది. వాడు అబద్ధం చెప్తలేడు. వాని కంటికి అది పచ్చనే. అయితే మన కంటికి కామెర్లు లేవని మనకు ఎట్ల తెల్వాలె? కంటిని కంటితోనే పరీక్ష చేస్తమా? బయట శంఖం ఉన్నదనేది కూడ కన్ను చెప్పిన మాటనే గద?"

నాకు నవ్వొచ్చింది. బయట వస్తువులున్నాయో లేవో అంటున్నవాడు టీ గ్లాసును మాత్రం బల్ల మధ్యలో, పడకుండా, చూసి మరీ పెట్టాడు. అంతలో వెనక బెంచీ నుంచి ముఖేష్ అనే కుర్రాడు లేచాడు. మా లైబ్రరీకి వచ్చే పిల్లవాడే.

"సార్, కామెర్లోనికి పక్కోడు చెప్తడు, అరే నీకు కామెర్లురా, శంఖం తెల్లగనే ఉన్నదని. అంతవరకు ఓకే. మరి పక్కోడు గుడ్డోడైతే?"

క్లాసంతా నవ్వింది. దానియేలు నవ్వలేదు. చాక్‌పీసు చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. ఆ పిల్లవాడికేం తెలుసు? నాకు తెలుసు. "సార్, ఇంటి నుంచి ఫోన్" అని గుమ్మంలోంచి పిలిచాను.

చెట్ల కింద స్కూటర్ దాకా నడిచాం. అతను తొందరపడలేదు.

"పోయి నేనేం చేస్తనక్కా? నా ముక్కు రాయి. లేదు లేదు అంటుంట. ఎట్ల తెల్సు నీకు అని ఆమె అడగదు. అడిగితే నా దగ్గర జవాబు లేదు."

"నేను వస్తున్న గద తమ్మీ. చూసి చెప్త."

"మీరెన్ని దినాలు చెప్తరు?" స్కూటర్ తాళం తీయకుండానే నిలబడ్డాడు. "ఒక మాట అనుకుంటున్నక్కా. నిరోషకు అప్పుడు జ్వరం రాలే. దాని ముక్కు మంచిగనే ఉన్నది. ఇంట్ల ఒక్క మంచి ముక్కు ఉంటే చాలు గద."

"అయిదేండ్ల పిల్ల ముక్కు నమ్ముకుంటవా?"

"పెద్దోళ్ళనే నమ్మొద్దు. పెద్దోళ్ళకు ముందే ఏదో ఒకటి మనసుల ఉంటది. పిల్లలకు ఉండదు. ఉన్నది ఉన్నట్టు చెప్తరు."

అంత చదువుకున్నవాడు అంత ఆశగా చెప్తే నాకూ నిజమే అనిపించింది. నాకు పిలుపులు తగ్గుతాయని లోపల ఒక సంతోషం కూడా.

కాశమ్మను ఒప్పించడానికి తర్వాతి ఆదివారం మా హాల్లోనే పరీక్ష పెట్టారు. నిరోష కళ్ళకు రుమాలు కట్టి, దానియేలు ఒక్కొక్కటీ ముక్కు కింద పెట్టాడు. కాఫీ పొడి అంది. నిమ్మకాయ అంది. సబ్బు అంది. గట్టయ్య సరదాకు నశ్యం డబ్బా పెట్టాడు. పిల్ల తుమ్మీ తుమ్మీ, "ఇది తాతది!" అని అరిచింది. అందరం పగలబడి నవ్వాం. అమల అట్లా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది. చివరికి దానియేలు పిల్లను మా వంటింట్లోకి తీసుకుపోయి, పొయ్యి బటన్ ఒక్క క్షణం తిప్పి ఆపి, "గిది గ్యాస్ వాసన తల్లీ. గిది వస్తే వెంటనే చెప్పాలె" అని నేర్పాడు. పిల్ల తల ఊపింది. కాశమ్మ రుమాలు విప్పి పిల్ల ముఖం తుడిచింది. తర్వాత, "ఎండకాలం సెలవులు గీడ ఉండనియ్యి. మంచిగుంటే గీడనే బడిల ఏస్తం. లేకుంటే మల్కాజ్‌గిరిలనే" అని మనవరాలి బట్టల సంచి అక్కడే వదిలి పోయింది.

మొదటి రోజులు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. పైనుంచి పోపు చప్పుడు, పిల్ల గెంతులు, అమల కేకలు. పిల్ల స్టూలు మీద నిలబడి గట్టిగా పీల్చి, "అమ్మా, ఏం లేదు!" అని ప్రకటించేది. అమల నా దగ్గరికి వచ్చి మెట్ల మీద కూర్చుంది ఒకనాడు.

"వాసన వస్తనే ఉన్నదక్కా. ఏం తగ్గలే. కానీ బిడ్డ లేదంటే లేదనుకుంటున్న. నా ముక్కు తీసి పక్కన పెట్టిన."

"మంచి పని చేసినవ్."

"కష్టమక్కా. మీ ముంగట గోడ ఉన్నట్టు కనబడుతుంటే, లేదు పో అంటే పోతరా? గట్లనే ఉన్నది. అయినా పోతున్న." అని కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తున్నా సంతోషంగానే ఉంది.

ఆ సంతోషం ఎక్కడ పాడైందో కచ్చితంగా చెప్పలేను. నేను గమనించింది మాత్రం ఒక సాయంత్రం, మామిడికాయ పచ్చడి ఇవ్వడానికి పైకి పోయినప్పుడు. అమల గొంతు వణుకుతూ, "నిర్రూ, వస్తున్నదా బిడ్డా?" అని అడుగుతోంది. పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. చూసి, "కొంచెం" అంది. అమల పిల్లను ఎత్తుకొని గుండెలకు హత్తుకొని కిందికి తెచ్చి, రోడ్డు మీద భుజాన వేసుకొని తిప్పింది, ముద్దులు పెట్టింది. మర్నాడు దానియేలు ఇంట్లో ఉండగా అదే ప్రశ్న. అతను ధీమాగా, "ఏం రాదు గద తల్లీ?" అన్నాడు. పిల్ల, "రాదు" అంది. చేతిలో బిస్కెట్ పడింది. ఆ రెండుసార్లూ పిల్ల ముక్కు పీల్చనే లేదు. ముఖాలు చూసింది, జవాబు చెప్పింది.

మర్నాడు లైబ్రరీకి వచ్చిన దానియేలును పక్కకు పిలిచి చెప్పాను.

"మా ఇద్దరికి రెండు మాటలు చెప్తున్నదా?"

"అది చెప్తలేదు తమ్మీ. మీరే చెప్పిస్తున్నరు."

అతని ముఖం పాలిపోయింది. బిస్కెట్లు బంద్ చేశాడు. అమలతో, గొంతు మార్చకుండా అడగమన్నాడు. అసలు అడగడమే మానమన్నాడు. గొంతునైతే దాచుకోవచ్చు. ముఖాన్ని ఎక్కడ దాచుకుంటారు? తల్లి ఉలిక్కిపడి వంటింటి వైపు చూస్తే చాలు, పిల్ల ఆడుతున్న బొమ్మ వదిలేసి, "అమ్మా, వస్తున్నది" అనేది. తండ్రి అడుగు మెట్ల మీద వినబడగానే, "లేదు లేదు" అనేది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ ఇంట్లో మిగిలిన ఒక్క మంచి ముక్కు కూడా అట్లా చేజారిపోతుంటే, కింద కూర్చొని చూస్తున్న నేను ఏం చేయలేకపోయాను.

మే నెల ఆఖరున నాకు జలుబు చేసింది. ఎండాకాలపు జలుబు మహా పాడుది. ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి, నోటితో ఊపిరి పీలుస్తూ పడుకున్నాను. గట్టయ్య బౌద్ధనగర్‌లో వాళ్ళ తమ్ముడింటికి పోయాడు. పోకపోయినా ఆయన ముక్కు సంగతి చెప్పనే చెప్పాను. పొద్దు గూకుతుండగా పైనుంచి, "అక్కా!" అని అమల కేక. ఈసారి కేక వేరుగా ఉంది. చీర కుచ్చిళ్ళు పట్టుకొని ఎక్కాను.

దానియేలు అప్పుడే వచ్చినట్టున్నాడు, సంచి భుజాన అట్లాగే ఉంది. నిరోష వంటాట ఆడుకుంటూ స్టూలెక్కిందట. పొయ్యి బటన్ సగం తిరిగి ఉంది. ఎప్పుడు తిప్పిందో ఎవరికీ తెలియదు. దానియేలు కంగారులో బటన్ మూసి, సిలిండర్ రెగ్యులేటర్‌ను కూడా తిప్పేశాడు. తిప్పిన తర్వాత తెలిసింది, అది అంతకుముందు తెరిచి ఉందో మూసి ఉందో అతను చూడలేదని.

"రెగ్యులేటర్ బంద్ చేసినవా నువ్వు, వంట అయినంక?"

"చేసిన అనుకుంటున్న" అంది అమల. "వాసన వస్తున్నది. మస్తు వస్తున్నది."

"నీకు ఎప్పుడూ వస్తది."

"ఎప్పుడూ వస్తది గాబట్టి ఈసారి లేదా?"

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను శక్తికొద్దీ పీల్చాను. ముక్కులోంచి ఈల శబ్దం తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చాను. కళ్ళ వెంట నీళ్ళు కారాయి గానీ వాసన లేదు. లేదా, ఉన్నా నాకు తెలియదు. "నాకు జలుబమ్మా" అన్నాను. జీవితంలో నా ముక్కు మీద నాకెప్పుడూ అంత కోపం రాలేదు.

ఇక పిల్ల మిగిలింది. దానియేలు మోకాళ్ళ మీద కూర్చొని నిరోష భుజాలు పట్టుకున్నాడు. ముఖంలో ఏ భావమూ లేకుండా చేసుకోవాలని చూశాడు. ఆ ప్రయత్నం చూస్తే పెద్దదాన్ని నాకే భయమేసింది.

"నిరోషా, నన్ను చూడకు, అమ్మను చూడకు. కండ్లు మూస్కో. గ్యాస్ వాసన వస్తున్నదా?"

పిల్ల కళ్ళు మూసింది. రెప్పల సందులోంచి చూసింది. "వస్తున్నది" అంది. తండ్రి చేతులు బిగుసుకున్నాయేమో, "లేదు" అంది. తర్వాత, "కొంచెం వస్తున్నది, కొంచెం లేదు" అని బావురుమంది.

దానియేలు లేచాడు. అతను అరవడం నేను ఎన్నడూ వినలేదు.

"ఏం లేదు! అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు! చూపిస్త ఆగు!" అని పొయ్యి పక్కనున్న లైటర్ అందుకున్నాడు.

అమల కేకలు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. పిల్లను ఎత్తుకొని గుమ్మంలో నా పక్కకు వచ్చి నిలబడింది. చాలా మెల్లగా అంది:

"సరె. మేం మెట్లు దిగుతం. నువ్వు నొక్కు."

దానియేలు లైటర్ పొయ్యి మీదికి చాపాడు. బొటనవేలు లైటర్ బటన్ మీద ఉంది. నేను మెట్ల వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాను. అతను నొక్కలేదు. పొయ్యిని చూస్తూ నిలబడ్డాడు. నుదుటి మీద చెమట. ఏళ్ళుగా లేదు లేదు అని చెప్పిన మనిషి, క్లాసులో ఏదీ కచ్చితం కాదని పాఠం చెప్పే మనిషి, ఒక్క వేలు కదపలేకపోయాడు. చివరకు లైటర్‌ను తీసుకొచ్చి, చప్పుడు కాకుండా, ఎక్కడా తగలకుండా, నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు బల్ల మీద పెట్టాడు.

"నొక్కలే" అంది అమల.

అతను తల దించుకున్నాడు.

"ఇన్ని దినాలు లేదన్నవ్. నాకే ఏదో అయ్యిందనుకున్న. నేనొక్కదాన్నే అనుకున్న." ఆమె గొంతులో గెలిచిన సంతోషం ఏ కోశానా లేదు. "నీకు గూడ తెల్వదు."

"తెల్వదు" అన్నాడు దానియేలు. అని గోడకు ఆనుకొని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. మొగుడూ పెళ్ళాలు చాలా కాలానికి ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాట అది.

కిటికీలు, తలుపులు అన్నీ బార్లా తెరిచి నలుగురం కిందికి దిగాం. ఇంటి ముందు నిలబడితే వీధిలోవాళ్ళు అడుగుతారని మెయిన్ రోడ్డు దాకా నడిచాం. వీధి దీపాలు వెలుగుతున్నాయి. మలుపు దగ్గర మిర్చి బజ్జీల బండి. బాండీలో నూనె సలసలా కాగుతోంది, చుట్టూ క్యాంపస్ పిల్లలు మూగి ఉన్నారు. నిరోష ఏడుపు ఆపలేదు, వెక్కుతూనే ఉంది. దాన్ని మరిపిద్దామని నేనే అన్నాను:

"నిర్రూ, గా బజ్జీల వాసన చూడు ఎట్లున్నదో! తింటవా?"

పిల్ల వెక్కడం ఆపింది. బండి వైపు ముక్కు ఎత్తి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. పీల్చి, తండ్రి ముఖం చూసింది. అక్కడేమీ దొరకలేదు. నా ముఖం చూసింది. తర్వాత తల్లి చెంప పట్టుకొని తన వైపు తిప్పుకొని అడిగింది:

"అమ్మా, నాకు వాసన వస్తున్నదా?"

బండికి మూరెడు దూరంలో ముగ్గురం పెద్దవాళ్ళం నిలబడ్డాం. అతనికి ముక్కు లేదు, ఆమెకు గ్యాస్ తప్ప తెలియదు, నాది బిగుసుకుపోయి ఉంది. వస్తుందనో, రాదనో ఆ పిల్లకు చెప్పగలిగినవాళ్ళం మాలో ఒక్కరం లేము. చెప్పగలిగినా చెప్పకూడదని ముగ్గురికీ అప్పుడే అర్థమైంది. బజ్జీలాయన, "ఎన్ని ఇయ్యమంటరు?" అని అడుగుతున్నాడు.

అమల పిల్లను దానియేలు చేతికిచ్చింది. అతను రెండు చేతులా అదుముకున్నాడు. ఆమె ఫోన్ తీసి మల్కాజ్‌గిరికి కలిపింది.

"అమ్మా, ఇప్పుడే బయల్దేరు. నిర్రును తీస్కపో. బడిల గాడనే ఏద్దం."

అవతల కాశమ్మ కంగారుగా అడుగుతున్నది నాకు కూడా వినబడింది. "ఏమయిందే? గ్యాస్ లీకయిందా?"

"తెల్వదమ్మా" అంది అమల. "నువ్వైతే రా."